తెప్ప మీద మోటారు: ఎన్ని డ్రమ్ములు కట్టాలి?

కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు బయ్యారంలో ఉంది. ఇలాంటి చెరువుల్లోనైనా, పెద్ద బావుల్లోనైనా నీళ్లు ఒక్క మట్టాన నిలవవు. నీళ్లు దిగిన కొద్దీ మోటారు దించాలి, వాన పడితే పరుగున పైకి లాగాలి. ఈ తిప్పలు పడలేక కొందరు డ్రమ్ములతో తెప్ప కట్టి, దాని మీదే మోటారు బిగిస్తారు. మంచి ఉపాయమే. కానీ లెక్క లేకుండా అందాజాగా కడితే వేల రూపాయల మోటారు నీళ్లపాలవుతుంది.

లెక్క తేలికే. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. లీటరు నీళ్లు కిలో బరువు. అంటే 200 లీటర్ల డ్రమ్ము పూర్తిగా మునిగితే 200 కిలోలను ఎత్తి పట్టుకుంటుంది. అయితే పూర్తిగా మునిగేదాకా బరువు పెట్టడమంటే ప్రమాదం కొనితెచ్చుకోవడమే. సగం మునిగే బరువే పెట్టాలి, అంటే డ్రమ్ముకు 100 కిలోలు. ఇందులో డ్రమ్ము బరువు కూడా కలిసే ఉంటుంది.

నాలుగు ఇనుప డ్రమ్ములు కట్టారనుకుందాం. డ్రమ్ముల బరువు సుమారు 80 కిలోలు, చట్రం, పలకలు 60, మోటారు 60 అనుకోండి. మీ మోటారు, చట్రం కాటా వేయించుకుంటే ఇంకా మేలు. చాలామంది మరిచేది పైపులోని నీళ్లను. మూడంగుళాల పైపులో మీటరుకు దాదాపు నాలుగున్నర లీటర్ల నీళ్లు పడతాయి, పది మీటర్లకు 45 కిలోలు. బాగు చేయడానికి ఇద్దరు ఎక్కితే మరో 140. మొత్తం 385. నాలుగు డ్రమ్ములకు హద్దు 400 కాబట్టి సరిపోతుంది. మూడే కడితే హద్దు 300, బరువేమో 365. చాలదు.

డ్రమ్ములను పడుకోబెట్టి కట్టి, పక్కల మీద సరిగ్గా నడుమ రంగు గీత గీయండి. నీళ్లు గీత దాటితే బరువు ఎక్కువైనట్టే. ఒక మూలే గీత మునిగితే బరువు అటు ఒరిగిందన్నమాట, లేదా ఆ డ్రమ్ము కారుతోంది. మూతలకు రబ్బరు వాషర్లు వేసి గట్టిగా బిగించాలి. మోటారు నడిమధ్యన ఉండాలి. మనిషి ఒక అంచున నిలబడితే లెక్క సరిగ్గా ఉన్నా తెప్ప తిరగబడొచ్చు, ఇద్దరూ ఒకే పక్కకు పోవద్దు.

స్టార్టరు గట్టు మీదే ఉంచాలి. మోటారుకు ఎర్తింగు తప్పనిసరి. మెయిన్ తీసేశాకే తెప్ప ఎక్కాలి, ఈత వచ్చినవారైనా సరే.