యక్షగానము నుండి నృత్యనాటకమునకు: వెంపటి చినసత్యంగారి చెన్నపట్టణపు కృషి

చెన్నపట్టణమున తెలుగువారు శతాబ్దములుగా కాపురమున్నారు. అయినను అచ్చటి నాట్యసభలలో తెలుగు మాట అర్థము కాని ప్రేక్షకులు ఎప్పుడును కొందరుందురు. అట్టి సభకు తెలుగు నాటకమును అందించుట ఎట్లు? వెంపటి చినసత్యంగారి అరువదియేండ్లకు పైబడిన కృషి ఈ ప్రశ్నకు ఒక సమాధానము. దానికి చెల్లించిన మూల్యమును గూడ విచారింపదగును.

చినసత్యంగారు 1929లో కృష్ణాజిల్లా కూచిపూడి గ్రామమున జన్మించిరి. అచ్చటి భాగవతుల ఇండ్లలో ఆట కులవిద్య. నటుడే ఆడవలెను, తానే పాడవలెను, తానే మాటలాడవలెను. కాగడాల వెలుగున రాత్రియెల్ల ప్రదర్శనము సాగెడిది. స్త్రీవేషములు మగవారివే, తెరపై జడ వేసి సత్యభామగా నిలిచి మెప్పించినవాడే నటుడని ఆ ఊరి తీర్పు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు, తాడేపల్లి పేరయ్యశాస్త్రిగారు, జ్ఞాతిసోదరులైన వెంపటి పెదసత్యంగారు ఆయనకు గురువులు.

1947 ప్రాంతమున ఆయన మదరాసు చేరిరి. పెదసత్యంగారు అప్పటికే చలనచిత్రములకు నృత్యములు కూర్చుచుండిరి. చినసత్యంగారు వారికి తోడుపడిరి. చిత్రసీమ అన్నము పెట్టినది గాని, కెమెరా చూచునంత మేరకే నృత్యమును కోరునది అది. 1963లో ఆయన కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి.

కూచిపూడి పిల్లవాడు వీథిలో చూచి, ఇంటిలో విని నేర్చెడివాడు. మదరాసు విద్యార్థినికి ఆ వీథి లేదు. కావున ఆయన అడుగులను సులభము నుండి కఠినమునకు వరుసగా కూర్చి, నడుము, చేయి, చూపు ఎచ్చట నుండవలెనో నిర్ణయించి బోధించిరి. ఆయన కీర్తిలో అధికభాగము నృత్యనాటకములదే యైనను, శాశ్వతమైన పని ఈ పాఠక్రమమే యనవచ్చును. 2010 డిసెంబరులో హైదరాబాదున 2,850 మంది నర్తకులు కూడి, ఆయన కూర్చిన హిందోళ తిల్లానాను ఒక్కమారుగా ఆడగలుగుట దాని ఫలమే.

1959 నాటి శ్రీకృష్ణపారిజాతము మొదలు పదునైదు వరకు నృత్యనాటకములను ఆయన రూపొందించిరి. పెక్కింటికి సాహిత్యము ఎస్.వి. భుజంగరాయశర్మగారిది, సంగీతము పట్రాయని సంగీతరావుగారిది. రాత్రియెల్ల సాగెడి ఆట కొన్ని గంటలకు కుదిరినది. వచనము తగ్గినది. పాట నటుని గొంతు విడిచి ప్రక్కన కూర్చున్న గాయకులను చేరినది. ఊపిరి పాటకు వ్యయము కానందున నర్తకి కాలికి వేగము, మేనికి విస్తారము లభించెను. దేవదానవులు ఇరువైపుల నిలిచి వాసుకిని లాగెడి క్షీరసాగరమథనము వంటి కథకు మాట కంటె సమూహపు కదలికయే ప్రాణము గదా! తెలుగు రాని ప్రేక్షకుడును ఆ కథను కన్నులతో చదువుకొనగలిగెను.

వేషముల విషయమున జరిగిన మార్పు మఱింత పెద్దది. పురుషులు సత్యభామలైన సంప్రదాయము నుండి వచ్చిన గురువు స్త్రీలకు సత్యభామను అప్పగించుటయే గాక, పురుషపాత్రలను గూడ ఇచ్చిరి. శోభానాయుడుగారు సత్యభామగా, పద్మావతిగా ప్రసిద్ధి చెందిరి; మంజుభార్గవిగారు పురుషవేషములలో రాణించిరి. రవీంద్రుని చండాలికను గూడ ఆయన రంగమెక్కించిరి. బ్రాహ్మణ పురుషులకే పరిమితమైయుండిన కళలో అస్పృశ్యబాలిక కథానాయిక యగుట సామాన్యము కాదు. 1967లో సంగీతనాటక అకాడమీ పురస్కారము, 1998లో పద్మభూషణ బిరుదము ఆయనకు లభించినవి. 2012 జులైలో చెన్నైనగరముననే కన్నుమూసిరి.

ఇక మూల్యము మాట. గొంతు ప్రక్కకు పోయిన పిమ్మట నటి పెదవి కదలించునే గాని పలుకదు. తెలుగు వాచికము, అనగా ఎత్తిపొడుపు, హాస్యము, మాధవితో భామ ఆడెడి మాటల పోటీ, సన్నగిలినది. ఇది దోషమనుట తొందరపాటే. చినసత్యంగారు అట్లు చేయనిచో ఆ నాటకములకు మదరాసులో అంత ఆదరము లభించెడిది కాదేమో. అయినను ఆ తమిళదేశముననే, తంజావూరుజిల్లా మెలట్టూరులో వేరొక మార్గము నిలిచియున్నది. నాయకరాజుల కాలమున స్థిరపడిన కుటుంబములవారు మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములను ఏటేట నృసింహజయంతికి ఆడుచున్నారు. స్త్రీపాత్రలు నేటికిని పురుషులవే. ఇంటిలో తమిళము మాటలాడు ఆ నటులు రంగమెక్కి తెలుగున తామే పాడుదురు, తామే పలుకుదురు.