సీసీ పక్కన ఐదు ఖాళీలు

ఫోల్డర్‌లో హలో అనే చిన్న సీ ప్రోగ్రాం ఒక్కటే ఉంది. ప్రోగ్రాం ఎలా తయారుచేయాలో మేక్ అనే పనిముట్టుకు చెప్పే మేక్‌ఫైల్ లేదు. అయినా లినక్స్ టెర్మినల్‌లో ‘మేక్ హలో’ అని కొడితే చాలు, ప్రోగ్రాం తయారైపోతుంది. ఏ కంపైలర్‌ను పిలవాలో, దానికి ఏ ఫైలు అందించాలో ఎవరూ చెప్పలేదు. తాను నడిపిన ఆదేశాన్ని మేక్ తెర మీద చూపిస్తుంది. అందులో సీసీ అన్న మాటకూ ఫైలు పేరుకూ మధ్య ఐదు స్పేసులు కనిపిస్తాయి. కొత్తవాళ్లు పొరపాటనుకుంటారు.

అది పొరపాటు కాదు. లినక్స్‌లో వాడే గ్నూ మేక్ పొట్టలో ముందే పేర్లు పెట్టి ఉంచిన వేరియబుల్స్ బోలెడున్నాయి. హలోను తయారుచేసే సూత్రంలో మొదట సీసీ, తర్వాత సీఫ్లాగ్స్, సీపీపీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్, టార్గెట్ ఆర్క్ వరసగా నిలబడతాయి. సీసీకి విలువ ఉంది, కంపైలర్ పేరు. మిగతా నాలుగూ ఖాళీ. మాటలు మాయమై వాటి మధ్యవీ, ఫైలు పేరు ముందుదీ కలిపి ఐదు స్పేసులు మిగిలాయి, అంతే. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాసినట్టు, ఎంత వేసుకోవాలో వండేవాళ్లకే వదిలేసిన చోట్లవి.

మేక్ 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. యాక్ అనే ప్రోగ్రామింగ్ పనిముట్టు సృష్టికర్త స్టీవ్ జాన్సన్ ఓ రోజు విసుక్కుంటూ స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. తప్పేమీ లేని ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ పొద్దుటంతా పోగొట్టుకున్నాడాయన. ఫైలు ఎప్పుడో సరిదిద్దాడు, తిరిగి కంపైల్ చేయడమే మరిచాడు. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్‌కూ ఇదే తిప్పలు. ఆ వారాంతంలోనే మేక్ తయారైంది. 2003లో దీనికి కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎం వారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది.

మేక్ గురించి 1979లో ఫెల్డ్‌మన్ అచ్చేసిన వ్యాసంలోనే ఈ సొంత వేరియబుల్స్ ఉన్నాయి. మేక్‌ఫైల్‌ను ముట్టుకోకుండా, ఆదేశం చివర సీసీకి మరో కంపైలర్ పేరు తగిలిస్తే మేక్ దాన్నే వాడుతుంది. ఎవరి మాట చెల్లాలన్నదానికీ ఓ వరస ఉంది. మేక్ సొంత విలువ అన్నిటికన్నా బలహీనం. షెల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టిన విలువ దాన్ని తోసేస్తుంది, మేక్‌ఫైల్‌లో రాసింది ఎన్విరాన్‌మెంట్‌ను తోసేస్తుంది, ఆదేశంతో పాటు ఇచ్చింది అన్నిటినీ మించుతుంది. లినక్స్ పంపిణీలు తయారుచేసేవాళ్లు ఎవరో రాసిన ప్యాకేజీకి తమ భద్రతా ఫ్లాగ్‌లు చేర్చగలుగుతున్నది చాలావరకు ఈ ఖాళీల పుణ్యమే. సీఫ్లాగ్స్ వాడకుండా తన ఇష్టం వచ్చినవి నేరుగా ఆదేశంలో రాసేసే మేక్‌ఫైల్ వీళ్లకు పెద్ద తలనొప్పి.

మరికొన్ని వేరియబుల్స్‌కు పేరంటే ఒక్క గుర్తే. $@ అంటే తయారు కావలసిన ఫైలు, $< అంటే దాని ముడిసరుకులో మొదటిది, $? అంటే ఆ ఫైలుకన్నా కొత్తవైన ముడిసరుకులు. వీటికి బ్రాకెట్లు అక్కర్లేదు. ఆ అలవాటుతో సీఫ్లాగ్స్‌నూ బ్రాకెట్లు లేకుండా రాశారో, చిక్కే. డాలర్ తర్వాతి ఒక్క అక్షరాన్నే మేక్ పేరనుకుంటుంది. ‘సీ’ ఖాళీ వేరియబుల్ కాబట్టి ఎగిరిపోతుంది, ‘ఫ్లాగ్స్’ మిగులుతుంది. ఫ్లాగ్స్ అనే ఫైలు లేదే అని కంపైలర్ మొత్తుకుంటుంది. ఆ ఫైలు కోసం అరగంట వెతికినవాళ్లు ఉండే ఉంటారు!

రిచర్డ్ స్టాల్‌మన్, రోలండ్ మెక్‌గ్రాత్ రాసిన గ్నూ మేక్‌ను ‘పీ’ ఆప్షన్‌తో నడిపితే తన చిట్టా మొత్తం తెర మీద కుమ్మరిస్తుంది. అందులో డొనాల్డ్ నూత్ తన అక్షరకూర్పు వ్యవస్థ టెక్ కోసం వాడిన టాంగిల్, వీవ్ పరికరాల పేర్లూ ఉంటాయి. ఎఫ్‌సీ అనే ఫోర్ట్రాన్ వేరియబుల్ ఎదురుగా ఎఫ్77 అని కనిపిస్తుంది. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి ఆ పేరుతో కంపైలరే ఉండదు, ఉన్నది జీఫోర్ట్రాన్. యూనిక్స్ మీద ఆ పాత ఎఫ్77 కంపైలర్‌ను రాసిందీ స్టువర్ట్ ఫెల్డ్‌మనే.