రూపం అంటే చొక్కాయేనా?

మొన్న ఉగాది కవిసమ్మేళనం ముగిశాక, పులిహోర ప్లేట్లు చేత పట్టుకుని అందరం హాలు వెనకాల నుంచున్నప్పుడు ఒక చిన్న రగడ జరిగింది. మనలో ఒక ఇంజనీరుగారు (పేరు చెప్పను, చదివేవాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది) "పద్యానికి కాలం చెల్లిందండీ. భావం ముఖ్యం. ఛందస్సు వట్టి చొక్కా. చొక్కా మారిస్తే మనిషి మారతాడా?" అన్నారు. పక్కనే ఉన్న పెద్దాయనకి, అప్పుడే స్టేజి మీద మూడు కందాలు చదివి దిగినవారికి, ముఖం జేవురించింది. నేను డాక్టర్ని గనక ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ అందించి ఊరుకున్నాను. కాని కారులో ఇంటికి వస్తుంటే ఆ చొక్కా మాట నన్ను వదల్లేదు. పొద్దస్తమానం నేను చేసే పని రూపాలు చూడటమే. ఎక్స్-రేలో నీడల రూపం, గుండె గీతల రూపం, రక్తపు చుక్కలో కణాల రూపం. అవన్నీ చొక్కాలే అయితే నాకు జీతం ఎందుకిస్తున్నట్టు?

ఈ దేశంలో దిగిన రోజు నుంచి మనందరికీ ఫారం అంటే నింపి సంతకం పెట్టి పంపే కాగితమే. ఆ ఇంగ్లీషు మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దానికి రూపం అనే అర్థమూ ఉంది, అచ్చు, మూస అనే అర్థమూ ఉంది. రూపాలను పరిశీలించే విద్యకి మార్ఫాలజీ అన్న పేరుని వాడుకలోకి తెచ్చినవాడు జర్మను కవి గోథే. మొక్కల కోసం, ఎముకల కోసం కవిగారు తెచ్చిన మాటని తర్వాత భాషాశాస్త్రజ్ఞులు పదాల నిర్మాణానికి తీసుకున్నారు. 1928లో రష్యాలో వ్లదీమిర్ ప్రాప్ జానపద కథలకి తీసుకున్నాడు. ఆయన ఓ వంద రష్యన్ అద్భుత కథలు ముందేసుకుని, పాత్రలు ఎవరైనా జరిగే పనులు ముప్పై ఒకటే, వాటి వరస కూడా ఒకటే అని తేల్చాడు. కాశీమజిలీ కథలు చదివి పెరిగినవాళ్లకి ఇదేమంత వింతగా తోచదు.

నాకు దగ్గరి సంగతి ఎముక. 1866లో జ్యూరిక్‌లో మేయర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముక తలని నిలువునా కోసి, లోపల బొంతలా ఉండే సన్నటి పలకలు ఏ వరసలో ఉన్నాయో చూపిస్తున్నాడు. అక్కడి పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే కుల్మాన్ అనే ఇంజనీరు అది చూశాడు. బరువులెత్తే క్రేనులో ఒత్తిడి ఎటు పోతుంది, లాగుడు ఎటు పోతుంది అని ఆయన కాగితం మీద గీసే గీతలు ఆ ఎముకలో కనిపించాయి. ఎముక తను మోసే బరువుని బట్టి తన లోపలి కట్టడాన్ని దిద్దుకుంటుందని 1892లో వుల్ఫ్ సూత్రీకరించాడు. వ్యోమగాముల తుంటి ఎముక అంతరిక్షంలో నెలకి ఒక శాతం, ఒకటిన్నర శాతం చొప్పున కరిగిపోవడం ఇందుకే. మోసే బరువు లేదు గనక ఎముకకి ఆ రూపాన్ని నిలుపుకునే అవసరం లేదు. అంటే ఎముక రూపం దాని మీద పడిన భారానికి రాసిపెట్టిన లెక్క. చొక్కాని ఇలా ఎవరూ మోయరు.

ఇక రక్తం దగ్గరికి వస్తాను. మామూలు ఎర్రకణం మధ్యలో వేలితో నొక్కిన గారెలా ఉంటుంది, చిల్లు మాత్రం పడదు. వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. అది దూరవలసిన సన్నటి నాళాలు కొన్నిచోట్ల అంతకన్నా ఇరుకు. కణం మెత్తన గనక మడత పడి దూరి, అవతల మళ్లీ గారె అవుతుంది. ఇలా సుమారు 120 రోజులు తిరుగుతుంది.

1904లో గ్రెనడా ద్వీపం నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే ఇరవయ్యేళ్ల కుర్రవాడు దంతవైద్యం చదవటానికి చికాగో వచ్చాడు. దగ్గు, జ్వరం, కాళ్ల మీద పుళ్లు. ఆసుపత్రిలో చేరితే ఐరన్స్ అనే ఇంటర్ను అతని రక్తం మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. గారెల మధ్య పొడుగాటి, వంకర తిరిగిన కణాలు కనిపించాయి. ఐరన్స్ పైడాక్టరు జేమ్స్ హెరిక్ 1910లో దాన్ని వ్యాసంగా అచ్చు వేశాడు. అందులో ఆ విచిత్రమైన రూపం ఉంది, రోగి పేరు లేదు. నోయెల్ చదువు పూర్తి చేసుకుని వాళ్ల ఊరు వెళ్లి, పళ్ల డాక్టరుగా ప్రాక్టీసు పెట్టి, 1916లో ముప్పై రెండేళ్లకే పోయాడు. పైదేశం నుంచి చదువుకొచ్చిన కుర్రాడు కాబట్టో ఏమో, ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఆ కణాల కంటే అతని హాస్టలు గదే ఎక్కువ గుర్తుకొస్తుంది.

కొడవలి రూపానికి కారణం తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఈ రోగుల హీమోగ్లోబిను అణువే వేరు అని చూపించింది. 1956, 57లలో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రమ్ ఆ తేడా ఎక్కడుందో పట్టుకున్నాడు. హీమోగ్లోబినులో బీటా గొలుసుకి 146 పూసలు. అందులో ఆరో పూస, గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉంది. మిగతా 145 సరిగ్గానే ఉన్నాయి. ఆ అణువు ప్రాణవాయువు మోస్తున్నంతసేపూ పేచీ లేదు. ప్రాణవాయువు దింపగానే హీమోగ్లోబిను కొంచెం మెలి తిరుగుతుంది (ఇది అందరి హీమోగ్లోబినూ చేసే పనే). అప్పుడు పక్క అణువులో ఒక చిన్న గుంట బయటపడుతుంది. వాలీన్ పోయి ఆ గుంటలో కూర్చుంటుంది. ఒకదానికొకటి తగులుకుని తాళ్లు పేనినట్టు పేనుకుపోతాయి. ఆ తాళ్లు లోపలి నుంచి పొడవగా గారె కొడవలి అవుతుంది. ఇరుకు నాళంలో మడత పడవలసినది అడ్డం పడుతుంది. వెనకాల రక్తం ఆగిపోతుంది. అదే ఆ నొప్పి. కణం ఆయుర్దాయం 120 రోజులు కాస్తా పది, ఇరవై రోజులకి పడిపోతుంది.

ఇది ఎక్కడో ఆఫ్రికా వాళ్ల జబ్బని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. 1952లోనే నీలగిరి గిరిజనులలో దీన్ని కనుక్కున్నారు. ఆదిలాబాదు అడవుల్లో, విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో ఉంది. దీని నిర్మూలన కోసం భారత ప్రభుత్వం 2023లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో రెండు జీను చికిత్సలకి అనుమతి వచ్చింది. వాటిలో ఒకటి ఆ తప్పు పూస జోలికి పోదు. పుట్టకముందు కడుపులో ఉన్నప్పుడు మనందరికీ ఉండే హీమోగ్లోబినుని మళ్లీ తయారయ్యేట్టు చేస్తుంది. అది ఈ తాళ్లలో పేనుకోదు.

ఇదంతా నాకు పరీక్షల నాడు కంఠతా వచ్చు. అయినా నేను తప్పు చేశాను. రెసిడెంటుగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి డ్యూటీలో సికిల్ సెల్ ఉన్న కుర్రవాడు వచ్చాడు. నొప్పి పదికి తొమ్మిది అన్నాడు. నేను గదిలోకి వెళ్లేసరికి టీవీలో బాస్కెట్‌బాల్ చూస్తున్నాడు, మధ్యలో ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడాడు. మా ఊరి పెద్దాసుపత్రిలో చదువుకున్నప్పుడు నొప్పికి ఒక రూపం ఉంటుందని నేర్చుకున్నాను. మూలుగు, పళ్లు బిగబట్టడం, నుదుట చెమట. ఇతనిలో అవేమీ లేవు. ఇది మందు అలవాటే గాని నొప్పి కాదని మనసులో తీర్పు చెప్పేసి, మోతాదు తగ్గించి రాశాను. తెల్లవారుజామున అతనికి ఊపిరి ఆడలేదు. ఎక్స్-రేలో రెండు ఊపిరితిత్తుల అడుగులూ తెల్లగా ఉన్నాయి. నొప్పికి భయపడి గుండెల నిండా గాలి పీల్చకపోతే ఆ అడుగులు మూసుకుపోతాయి, అక్కడ కొడవళ్లు మరింత పోగవుతాయి. రక్తం మార్చారు, ఐసీయూలో ఆరు రోజులున్నాడు, బతికాడు. నా చీటీ వల్లే వచ్చిందని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. ఆ వార్డులో ముసలి నర్సు ఒకావిడ మాత్రం, "డాక్టర్, ఈ నొప్పి అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. మూలుగుతూ కూర్చుంటే ఇక బతికేదెప్పుడు?" అంది.

అతని రక్తం గాజుపలక మీద చూస్తే కొడవళ్లు నొప్పి ఉన్నరోజూ ఉంటాయి, లేనిరోజూ ఉంటాయి. ఆ రూపాన్ని పట్టుకోవడం వచ్చినవాడికి ఈ రూపాన్ని పట్టుకోవడం రాలేదు. నేను నేర్చుకున్నదీ రూపమే, కాని వేరే మనుషుల దగ్గర నేర్చుకున్నది.

రూపాన్ని చూసి మోసపోవడం డాక్టర్ల సొంతం కాదు లెండి, శరీరమే మోసపోతుంది. ఆ మోసాన్ని మందుగా మార్చినవాళ్లలో మన తెలుగువాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది, దాని వెనకే దానిలాంటి బొమ్మలూ చేసింది. అందులో ఒకటి అమినాప్టెరిన్. ఫోలిక్ ఆమ్లంలో ఒక మూల ఆక్సిజను ఉండే చోట నైట్రజను పెట్టారు, అంతే. కణంలోని ఎంజైము దాన్ని ఫోలిక్ ఆమ్లం అనుకుని పట్టుకుంటుంది, ఇక వదల్లేదు. కణం పెరగడం ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో ఉన్న పదహారుమంది పిల్లలకి ఆ మందు ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించాడు. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. ఆ మందు తమ్ముడు మెథోట్రెక్సేటు ఈనాటికీ క్యాన్సరుకీ, కీళ్లవాతానికీ రాస్తున్నాము. తమాషా ఏమిటంటే, తర్వాత ఎక్స్-రేలతో ఆ ఎంజైములోకి తొంగి చూసినవారికి, మెథోట్రెక్సేటు ఫోలిక్ ఆమ్లం కూర్చునే చోటే ఉంది గాని తల భాగం తిరగబడి కూర్చుని ఉంది. ఒకేలా ఉన్నాయి గదా అని ఒకేలా కూర్చుంటాయనుకోవడం కూడా పొరపాటే.

ఇక కందానికి వస్తాను. పెద్దాయన బాకీ తీర్చాలి.

1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్‌గారూ, ఆయన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లూ ఒక పటం గీశారు. ప్రోటీను గొలుసులో ప్రతి పూస దగ్గరా రెండు మలుపులున్నాయి. ఒక్కొక్కటి ఎంత కోణమైనా తిరగవచ్చు అనిపిస్తుంది. కాని తిరిగితే పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గుద్దుకునే కోణాలన్నీ కొట్టేస్తే, పటంలో మిగిలేవి రెండు మూడు చిన్న లంకలు. ప్రపంచంలోని ప్రోటీన్లు దాదాపు అన్నీ ఆ లంకల్లోనే కాపురముంటాయి. ఈనాటికీ ఎవరైనా కొత్త ప్రోటీను రూపం కనుక్కుంటే ముందు రామచంద్రన్ పటం మీద పెట్టి సరి చూసుకుంటారు. రూపం అంటే ఏమిటని ఆయన్ని అడిగితే ఏమనేవారో గాని, ఆ పటం చూస్తే రూపమంటే కుదరనివి తీసేయగా మిగిలినది.

కందంలో ప్రతి గణమూ నాలుగు మాత్రలు. లఘువుకి ఒకటి, గురువుకి రెండు. నాలుగు మాత్రలని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? గగ, భ, జ, స, నల. అయిదే. కందానికి చెప్పిన గణాలు సరిగ్గా ఆ అయిదూ. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మూడు మాత్రలకి మూడు, నాలుగింటికి అయిదు, అయిదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తుంది. ఈ వరసని పడమటివాళ్లు 1202లో పుస్తకం రాసిన ఫిబొనాచ్చి పేరుతో పిలుస్తారు. మన ఛందోశాస్త్రజ్ఞులు విరహాంకుడు, హేమచంద్రుడు అంతకు ముందే పద్యాల కోసం చెప్పి ఉన్నారు.

ఆ రాత్రి వంటింటి టేబులు దగ్గర కూర్చుని లెక్క వేశాను. కందంలో సగానికి ఎనిమిది గణాలు. ఏ నియమమూ లేకపోతే అయిదుని ఎనిమిది సార్లు హెచ్చవేయాలి: 3,90,625 నడకలు. ఇప్పుడు నియమాలు పెడదాం. బేసి గణం జగణం కాకూడదు. ఆరోది జగణమో, నలమో కావాలి. చివర గురువుండాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే రెండోదీ లఘువుతోనే, గురువైతే గురువుతోనే. ఇవన్నీ పోగా మిగిలినవి 12,800. నూటికి మూడు. యతినీ ప్రాసనీ ఇంకా ముట్టుకోనేలేదు. తొంభై ఏడు పాళ్లు కొట్టేశాక మిగిలిన ఆ లంక మీదే మన కందపద్యాలన్నీ, సుమతి శతకంతో సహా, నిలబడి ఉన్నాయి. చిన్నప్పుడు అర్థం తెలియకుండా అప్పజెప్పిన సుమతి పద్యంలో ఒక మాట ఎవరైనా తప్పు చదివితే ఇప్పటికీ మన చెవి పట్టేస్తుంది. అర్థం చూసి పట్టడం లేదు, నడక చూసి పడుతోంది. చొక్కా మార్చుకున్నవాణ్ణి చెవి ఇలా పట్టుకోదు.

వచనకవిత్వానికి రూపం లేదని నేను అనడం లేదు. మంచి వచనకవితకి ఏవి కుదరవో ఆ కవే కనుక్కుని, ఆ కవే పాటించాలి. అది మరీ కష్టం. మన సమ్మేళనంలో చదివినవాటిలో ఎన్ని ఆ కష్టం పడ్డాయో మాత్రం ఇక్కడ రాయను, వచ్చే ఉగాదికి కూడా నాకు పులిహోర కావాలి.

ఈ లెక్క కాగితం నకలు తీసి ఇంజనీరుగారికి పోస్టులో పంపాను. ఆయన మొదట 12,800 తప్పని నిరూపించటానికి ఒక శనివారం ఖర్చు పెట్టారట, కుదరలేదు. తర్వాత ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోను చేశారు. ఎవరికైనా ఒంట్లో బాగులేదేమో అని కంగారుగా ఎత్తాను. "డాక్టరుగారూ, అంతా వచ్చిందండీ, ఆ ఆరో గణం ఒక్కటే కుదిరి చావటం లేదు" అన్నారు. పెద్దాయన నంబరు ఇచ్చాను.