తాల్కలు తెలిసిన యింట నూడుల్స్

వినాయక చవితినాడు పెద్దేముల్ ప్రాంతమున ఏ యింటి వంటగదిలోనికి తొంగిచూచినను, పిండిముద్దను అరచేతుల నడుమ నులిమి సన్నని పోగులుగా సాగదీసి, మరుగుచున్న బెల్లపు నీటిలోనో పాలలోనో మెల్లగా జారవిడుచు ఇల్లాలు కనబడును. ఆ పోగులకు మనవారు తాల్కలని పేరు పెట్టుకొనిరి. వానితో వండినది తాల్కల పాశము. ఇట్టి యిల్లాండ్రలోనే అనేకులు తాండూరు దుకాణములలో వ్రేలాడు నూడుల్సు పొట్లములను చూచి, ఇది చీనావారి వంట, మన చేతికి లొంగునది కాదు, లొంగినను దానికై నాలుగు సీసాల సాసులు కొనవలెను అని వెనుదీయుచుండుట చూచినప్పుడెల్ల నాకు కష్టముగా నుండును. తాల్కలు చేసిన చేతికి నూడుల్సు కొత్త గాదు. ఆ వంటకు వలసిన రుచులలో ముప్పాతికవంతు మన చింతపండు కుండలోను, పల్లీల డబ్బాలోను ముందే యున్నవి.

పోగు తెగక నిలుచుటలోని మర్మమును ముందుగా విన్నవించెదను. గోధుమపిండిని నీటితో మర్దించినపుడు అందలి మాంసకృత్తులు ఒకదానితో నొకటి పెనవైచుకొని గ్లూటెన్ అను సాగెడి వలగా నేర్పడును. ఆ వల యున్నందుననే గోధుమ ముద్దను ఎంత సన్నముగా లాగినను తెగదు. జొన్నకు, కొర్రకు, బియ్యమునకు ఆ భాగ్యము లేదు. కనుకనే మన పల్లెలలో జొన్నరొట్టె చేయువారు పిండిలో సలసల కాగిన నీరు పోసి కలుపుదురు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురుపట్టును, ఆ జిగురే రొట్టెను చీలిపోనీయక కాపాడును. తూర్పు దేశములవారు బియ్యపు నూడుల్సు చేయునదియు ఈ యుపాయముతోనే: పిండిని కొంత ఉడికించి, రంధ్రముల గుండ ఒత్తి తీయుదురు.

ఈ సంగతికి చరిత్రలో నొక చక్కని సాక్ష్యము కలదు. చీనాదేశమున ఛింగ్‌హై రాష్ట్రములోని లాజియా అనుచోట, సుమారు నాలుగువేల యేండ్లనాడు భూకంపమువలనను వరదవలనను నాశమైన గ్రామమును త్రవ్వుచుండగా, బోరగిలబడిన మట్టిపాత్ర యొకటి దొరకినది. దాని క్రింద సన్నని పసుపుపచ్చ పోగులు కనబడినవి. అవి కొర్రలు, వరిగలతో చేసినవని 2005లో శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ప్రకటించిరి. కొర్రపిండి గోధుమవలె సాగదు గనుక అట్టి పోగులు ఎట్లు సాధ్యమని మరికొందరు పండితులు శంకించిరి. పిండిని వేడితో జిగురుగట్టించి రంధ్రముల గుండ ఒత్తినచో సాధ్యమేయని మొదటివారు పిమ్మట ప్రయోగపూర్వకముగా సమాధానమిచ్చిరి. మన యింటి మురుకుల గొట్టము చేయు పనియు నదియే గదా! మెట్టచేలలో మన పెద్దలు పండించి తినిన కొర్రలే అంతటి ప్రాచీనమైన నూడుల్సునకు మూలధాన్యమనుట నాకు ఎప్పటికప్పుడు క్రొత్తగా సంతోషము కలిగించు విషయము.

రెండు నిమిషముల పొట్లమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. జపానులో స్థిరపడిన మొమొఫుకు ఆండో అను నతడు తన యింటి వెనుకనున్న చిన్న పాకలో పలుమార్లు శ్రమించి, 1958 ఆగస్టులో దానిని విపణిలోనికి తెచ్చెను. ఉడికించిన పోగులను కాగు నూనెలో వేయించినయెడల వానిలోని నీరు ఆవిరియై బయటికి పోవుచు సూక్ష్మరంధ్రములను విడిచిపోవును. తిరిగి మరుగునీరు తగిలినపుడు ఆ రంధ్రముల గుండనే నీరు లోనికి ప్రవేశించి పోగు మెత్తబడును. ఉపాయము మెచ్చదగినది, కాని నూనెలో వేగిన పోగును, ఉప్పు మెండుగానుండు పొడిని కలిపి ప్రతి రాత్రి బిడ్డలకు పెట్టుట మెచ్చదగినది కాదు. పెద్దవారికి సహితము దినమునకు ఐదు గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పొట్లములోని పొడిని సగము మాత్రమే వాడి, మిగిలిన రుచిని నిమ్మకాయ, అల్లము, కొత్తిమీరలతో తెచ్చుకొనుట మొదటి మెట్టుగా నుంచుకొనవచ్చును.

ఇక వంట. నలుగురికి మూడువందల గ్రాముల ఎండు నూడుల్సు చాలును. గోధుమ నూడుల్సయినచో మూడు లీటర్ల నీరు తెర్లనిచ్చి ఉప్పువేసి, పోగు కొరికినపుడు లోపల ఆవగింజంత గట్టిదన మున్నప్పుడే దింపి, అన్నపు గంజి వార్చినట్లు సిబ్బిలో వార్చి, చన్నీళ్లు గుమ్మరించి, ఒక చెంచా నువ్వులనూనె పట్టింపవలెను. చన్నీళ్లు ఉడుకును ఆపును, పైకి తేలిన గంజిని కడిగివేయును; నూనె పోగులను అంటుకొననీయదు. సన్నని బియ్యపు నూడుల్సయినచో ఉడికింపనే రాదు. మరగిన నీరు పోసి మూతవేసి మూడునాలుగు నిమిషము లుంచిన చాలును.

సాయంకాలము తాండూరు వీధులలో ఫాస్ట్‌ఫుడ్ బండివాడు ఇనుప కడాయిని ఎగురవేయుచు చేయు నూడుల్సునకు గల ఆ పొగరుచి మన గ్యాసు పొయ్యిపై రాదని పలువురు నిరాశ చెందుదురు. బండివాని పొయ్యి మంట మన మంటకు అనేక రెట్లు. అంతేకాక అతడు ఒక్కసారి ఒకరిద్దరికి మాత్రమే వండును. మనమో నలుగురి కూరగాయలను ఒక్క మూకుడులో క్రుమ్మరింతుము. అప్పుడు మంట చాలక, కూరలు నీరు విడిచి, వేగుటకు మారుగా ఉడికిపోవును. కావున మూకుడు పొగలు గ్రక్కువరకు కాల్చి, ఇద్దరికి సరిపడునంత మాత్రమే ఒకసారి వేయవలెను. క్యారట్, క్యాబేజీ, బీన్సు అగ్గిపుల్లలంత సన్నముగా ముందే తరిగి, సాసు ముందే గిన్నెలో కలిపి, పళ్లెములు దగ్గరనుంచుకొని ఆపై పొయ్యి వెలిగింపవలెను; వెలిగించిన పిమ్మట తరుగుటకు కూర్చున్నవారి నూడుల్సు ముద్ద గాక మానదు.

రుచులలో నాకు మిక్కిలి యిష్టమైనది థాయిలాండువారి పాడ్ థాయ్. 1930ల చివరి కాలమునను 1940లలోను ఆ దేశప్రధాని పిబున్ సోంగ్‌క్రామ్ ప్రభుత్వము నూడుల్సు తినుటను దేశాభిమాన కార్యముగా ప్రోత్సహించుటచే ఇది ప్రసిద్ధికెక్కినది. దాని పులుసులో నున్నవేవి? చింతపండు గుజ్జు, తాటిబెల్లము, ఉప్పదనమునకు చేపల రసము. పైన దంచిన పల్లీలు, మొలకెత్తిన పెసలు. చేపల రసమునకు మారుగా సోయాసాసును, తాటిబెల్లము దొరకనిచో చెరకు బెల్లమును వాడిన ఇది మన పులిహోరకు దూరపు చుట్టమువలె తోచును. మూడు చెంచాల చిక్కని చింతపండు గుజ్జు, రెండు చెంచాల బెల్లము, రెండు చెంచాల సోయాసాసు, కొంచెము ఎండుమిరప పొడి కలిపి ఉంచుకొని, నూనెలో ఎల్లిపాయ వేయించి, గ్రుడ్డు కొట్టి వేసి, నానిన బియ్యపు నూడుల్సును వేసి, ఈ పులుసును పోసి రెండు నిమిషములు త్రిప్పి, మొలకలు చల్లి దింపుటయే.

వేసవి రాత్రులకు పొయ్యిదగ్గర అంతసేపైనను నిలువవలసిన పనిలేని మరియొక విధము కలదు. వేయించి నూరిన నువ్వుల ముద్ద నాలుగు చెంచాలు, సోయాసాసు రెండు చెంచాలు, నిమ్మరసము, చిటికెడు బెల్లము, దంచిన ఎల్లిపాయ, కొంచెము వేడినీరు కలిపి, వార్చి చల్లార్చిన గోధుమ నూడుల్సునకు పట్టించి, పైన సన్నని దోసకాయ ముక్కలు చల్లుట. చీనావారు నువ్వుల ముద్దతో చల్లని నూడుల్సు తినుట చిరకాలపు ఆచారము.

మూడవది బర్మావారిది, తెలుగువారి చరిత్రతో ముడిపడినది గనుక దీనియొద్ద ఒకింత నిలువవలెను. పందొమ్మిదవ శతాబ్దినుండి గోదావరి, విశాఖ మండలములవారు వేలకొలదిగా ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి వారిని అచ్చట కోరంగీలనిరి. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొనినపుడు అనేకులు కొండలు అడవులు దాటి కాలినడకను, 1960లలో సైనికప్రభుత్వ కాలమున మరికొందరు ఉన్నదంతయు విడిచి స్వదేశమునకు మరలివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు వారి పేరనే నిలిచియున్నది. చెన్నపట్టణమున బర్మానుండి మరలిన తమిళులు అథో అను నూడుల్సును నేటికిని బర్మా బజారు ప్రాంతమున అమ్ముచున్నారు. ఇక నేను చెప్పదలచిన బర్మాదేశపు వంట ఓన్ నో ఖావ్ స్వే, అనగా కొబ్బరిపాల నూడుల్సు. దానిని చిక్కబరచునది మనకు తెలిసిన సెనగపిండియే.

ఉల్లిగడ్డ, అల్లము, ఎల్లిపాయ, పసుపు, మిరపపొడి నూనెలో మగ్గనిచ్చి, చిన్న కోడిమాంసపు ముక్కలు వేసి, నీటిలో కలిపిన రెండు చెంచాల సెనగపిండిని పోసి పది పదునైదు నిమిషములు కాగనిచ్చి, కడపట కొబ్బరిపాలు చేర్చవలెను. సెనగపిండికి మారుగా కందికట్టు పోసి చూచితిని. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాని కట్టు కొబ్బరిపాలతో కలిసినపుడు వచ్చిన రుచి సెనగపిండి రుచికన్న లోతైనదని నా నాలుకకు తోచినది. మాంసము తిననివారు ఆలుగడ్డ ముక్కలతో చేసికొనవచ్చును.

ఉడికిన నూడుల్సును గిన్నెలలో సర్ది, కాగుచున్న పులుసును పైన పోసి, ఉడికిన గ్రుడ్డు సగము, వేయించిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మచెక్క వేరువేరుగా నడుమ నుంచిన, ఎవరికి వలసినది వారు వేసికొందురు. పులుసు పోసిన పిదప పోగులు నిమిషనిమిషమునకు నీరు పీల్చి ఉబ్బుచుండును గనుక, బిడ్డలను ముందే పీటలమీద కూర్చుండబెట్టి, ఆ తరువాతనే గరిటె చేతబట్టవలెను.