వసంతంలో మంచు ఎందుకు జారుతుంది?

చలికాలంలో కొత్తగా పడిన మంచు బరువుకు కింది బలహీనమైన పొర తెగి, పైనున్నదంతా పలకలా విరిగిపడుతుంది. హిమాలయాల్లో మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఆ పని ఎక్కువగా నీరు చేస్తుంది. ఎండకో వానకో కరిగిన నీరు రేణువుల సందుల్లోంచి దిగుతూ వాటి మధ్య అతుకులను కరిగిస్తుంది. దారిలో గట్టి పెచ్చు అడ్డొస్తే దానిమీదే నిలిచి, పై పొరకు పట్టు లేకుండా చేస్తుంది.

లోపలి మంచు చల్లగా ఉన్నంతకాలం దిగిన నీరు అక్కడే మళ్లీ గడ్డకడుతుంది. పైనుంచి నేలదాకా అంతా 0 డిగ్రీలకు చేరాక ఆ రక్షణ ఉండదు. అందుకే గొయ్యి తవ్వి పొరపొరకూ థర్మామీటరు గుచ్చుతారు. పిడికెడు మంచు పిసికి చూస్తారు: ఉండ కడితే చెమ్మగా ఉన్నట్టు, వేళ్ల సందుల్లో నీరు కారితే బాగా తడిసినట్టు. మన దేశంలో మంచు చరియల అధ్యయనానికి మనాలీలో 1969లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2020లో అది రక్షణ పరిశోధన సంస్థలోని మరో విభాగంతో కలిసిపోయింది.

అందరూ మధ్యాహ్నపు ఎండకే భయపడతారు గానీ, అసలు చూడాల్సింది ముందు రాత్రిని. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి 0 డిగ్రీలకు కాస్త పైన ఉన్నా పైపొర గడ్డకట్టగలదు. మబ్బు కమ్మితే ఆ వేడిలో చాలాభాగం వెనక్కే వస్తుంది. అలాంటి తెల్లవారుజాము చల్లగా తోచినా నమ్మడానికి లేదు. వరుసగా రెండుమూడు రాత్రులు గడ్డకట్టకపోతే ప్రమాదం బాగా పెరిగినట్టే. అడుగు వేసినప్పుడు పెచ్చు ఆపితే మంచిదే. బూటు పిక్కదాకా దిగబడితే ఆ వాలు వదిలేయాలి.

ఎండ మొదట తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, చివరికి పడమరను తడుపుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఎక్కువ చరియలు పుడతాయి. రాళ్ల దగ్గర్నుంచి చిన్న మంచు ఉండలు దొర్లడం తొలి హెచ్చరిక. నేలదాకా తెరుచుకున్న పగుళ్లది వేరే కథ: వాటి కింది మంచు ఎప్పుడు జారుతుందో నిపుణులూ చెప్పలేరు, రాత్రిపూటైనా జారవచ్చు.

తడి చరియ పొడిదానికన్నా నెమ్మదిగానే కదులుతుంది. కానీ కొత్త పొడి మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలైతే, ఇది 300 నుంచి 500 దాకా తూగుతుంది. ఆగిన వెంటనే బిగుసుకుపోతుంది కనుక, చిక్కుకున్నవారిని పారతో తవ్వి తీయడం మరీ కష్టం.