బాలపార్లమెంటులో చిన్నపక్షము

ఈ సంవత్సరము మన పాఠశాలయందు పై తరగతులవారు బాలపార్లమెంటును నడిపిరి. సభ్యులు 40 మంది. చీట్లు తీసి పక్షములను నిర్ణయించితిమి. పాలకపక్షమునకు 24 మంది, ప్రధాన ప్రతిపక్షమునకు 12 మంది, సోషలిస్టుపక్షమునకు 4గురు వచ్చిరి. మరునాడే ఆ నలుగురును నాయొద్దకు వచ్చి, “అయ్యా, మేము చేతులెత్తిన నేమి, ఎత్తకున్న నేమి? మా మాట వీగిపోవుట నిశ్చయమే గదా. మమ్ము పాలకపక్షమున చేర్చుడు” అని మొరపెట్టుకొనిరి. వారికి నేను చెప్పిన సమాధానము తక్కిన విద్యార్థులకును, తలిదండ్రులకును ఉపయోగించునని తలంచి ఇచ్చట వ్రాయుచున్నాను.

ఈ ప్రశ్న మన సీమకు క్రొత్తది గాదు. స్వతంత్ర భారతదేశమున మొదటి సాధారణపుటెన్నికలు 1951–52లో జరిగెను. నాడు పెనుకొండ నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికైన కె. ఎస్. రాఘవాచారిగారు కాంగ్రెసువారు గారు. కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీవారు. ఆచార్య కృపలానీగారు 1951లో స్థాపించిన ఆ పక్షమున మన ప్రకాశం పంతులుగారును చేరియుండిరి. సభలోని 489 స్థానములలో కాంగ్రెసునకు 364 రాగా ఈ పక్షమునకు దక్కినవి 9 మాత్రమే. సోషలిస్టుపార్టీకి 12 వచ్చెను. ఈ రెండును 1952 సెప్టెంబరులో కలిసి ప్రజా సోషలిస్టుపార్టీ యయ్యెను. రెండింటి స్థానములను కూడినను 21. అనగా నూటికి అయిదైనను లేవు. మన బాలురో, 40 మందిలో 4గురు, నూటికి పది. లెక్కకు వారు ఆ పెద్దలకంటె భాగ్యవంతులే!

ఇక ఇంత చిన్నపక్షము చేయగల కార్యమేమి? మొదటిది ప్రశ్న. లోక్‌సభ కూడిన దినములలో మొదటి గంట సామాన్యముగ ప్రశ్నలకు కేటాయింపబడును. అడుగువాని వెనుక ఎందరున్నారని మంత్రి చూడరాదు. జవాబు చెప్పియే తీరవలెను. రెండవది సవరణ. బిల్లులోని యే మాటనైనను మార్చుడని ఏ సభ్యుడైనను సూచింపవచ్చును. మూడవది కోతతీర్మానము. ఒక శాఖకు కోరిన ధనములో 100 రూపాయలు తగ్గింపుడని సభ్యుడు ప్రతిపాదించును. ఆ నూరు రూపాయలు మిగుల్చుట వాని యుద్దేశము గాదు; ఆ శాఖలోని యొక లోపమును సభయెదుట పెట్టుటకు అది యొక మార్గము. నాలుగవది అనధికార బిల్లు. మంత్రి గాని సభ్యుడును శాసనమును ప్రతిపాదింపవచ్చును. ఇందుకై శుక్రవారములందు కొంతకాలము ప్రత్యేకింపబడియున్నది.

అయిదవది ఓటు. 24 మంది ఒక్కటిగ నిలిచినంతకాలము నలుగురి ఓటు తేలికగనే కన్పట్టును. కాని పాలకపక్షములో కొందరు తొలగినచో తక్కెడ ముల్లు ఆ నలుగురి చేతికి వచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రకాశం పంతులుగారు మొదటి ముఖ్యమంత్రులైరి. 1954 నవంబరులో, మద్యనిషేధమును గూర్చిన వివాదమున, వారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. శాసనసభలో ఒక్క ఓటునకు వెల యెంతయో మన రాష్ట్రపు తొలిదినములే నేర్పినవి.

అయితే చిన్నపక్షమునకు సహజమైన దోషములును గలవు. అధికారము చేతికి రాదన్న ధైర్యముతో, వ్యయమును లెక్కింపక వాగ్దానములు చేయుట యొకటి. అల్పమైన అభిప్రాయభేదమునకే చీలిపోవుట రెండవది. మన దేశపు సోషలిస్టులు పలుమారులు చీలి, పలుమారులు కలిసి, తుదకు 1977లో జనతాపార్టీలో లీనమైరి. కావున మా నలుగురికి రెండే నియమములు పెట్టితిని: సొమ్ము ఎక్కడినుండి వచ్చునో చెప్పక ఏ కోరికయు కోరరాదు, సభలో కలహింపరాదు, కలహమున్నచో బయట తీర్చుకొని రావలెను.

సభాదినమున జరిగినది చెప్పెదను. ఆ నలుగురిలో ఒకడు ధర్మవరపు నేతగాని కుమారుడు. ఇంట గుంటమగ్గము ముందు కూర్చుండు తండ్రి మాటలను విని పెరిగినవాడు. వాడు లేచి, “హిందూపురపు అంగడిలో పట్టుగూళ్ల ధర పడినప్పుడు రైతు నష్టపోవుచున్నాడు. ఆ ధర పడినను ధర్మవరములో మా యింటికి వచ్చు ముడిపట్టు ధర యేల తగ్గదు? నడుమ మిగిలిన సొమ్ము ఎవరికి పోవుచున్నది?” అని యడిగెను. సభ నిశ్శబ్దమయ్యెను. చేనేతమంత్రి వేషము ధరించిన బాలుడు కాగితములు త్రిప్పి, జవాబు దొరకక, మరునాటికి గడువు కోరెను. ఆ సాయంకాలమే ప్రశ్న వేసినవానిని వెంటబెట్టుకొని విచారింపబోయెను. గూళ్లనుండి దారము తీయువారి కూలి, పురిపెట్టుటకును అద్దకమునకును అగు ఖర్చు, అప్పు ఇచ్చిన వర్తకుని లాభము, ఇవన్నియు వారిద్దరును కలిసి పట్టికగ వ్రాసి తెచ్చిరి.

నూలుధరలను ప్రతిమాసము ప్రకటింపవలెనని సోషలిస్టుపక్షము తెచ్చిన సవరణ తొలుత వీగిపోయెను. అందులో ఆ పనికగు ఖర్చు వ్రాయబడలేదు. రెండవ దినమున ఖర్చు చూపి మరల తెచ్చిరి. ఈ పర్యాయము చేనేతమంత్రియే లేచి దానిని అంగీకరించెను. నలుగురి మాట నలువదిమంది మాటయయ్యెను.

విద్యార్థులారా, రాబోవు సంవత్సరము చీటి తీయునప్పుడు చిన్నపక్షము వచ్చినదని చిన్నబోకుడు. మీ వెనుక ఎందరున్నారో లెక్కించుటకు ముందు, మీరు చెప్పబోవు మాట నిజమా, ఎవరి యింటి కష్టమునైనను తీర్చునా యని విచారింపుడు. తలిదండ్రులారా, ఇంట మీరు చెప్పుకొను కష్టసుఖములు పిల్లలు వినుచునే యుందురు. అవియే రేపు సభలో ప్రశ్నలగును.