చొక్కా చెప్పే కథ

పండక్కి కొత్త చొక్కా కొంటాం. రంగు చూస్తాం, కొలత చూస్తాం, ధర దగ్గర కాసేపు ఆలోచిస్తాం. మెడ దగ్గర కుట్టిన చిన్న పట్టీని మాత్రం పెద్దగా పట్టించుకోం. విదేశీ బ్రాండు దుస్తులైతే దానిమీద చాలాసార్లు కనిపించే పేరు... బంగ్లాదేశ్!

బహుళజాతి సంస్థలు పేద దేశాలను బాగుచేస్తాయా, పీల్చేస్తాయా? ఎడతెగని ఈ వాదనకు ఆ పట్టీయే పెద్ద ఉదాహరణ.

నూటముప్పై మందితో మొదలు

1970ల చివర్లో బంగ్లాదేశ్‌లో ఎగుమతి దుస్తుల పరిశ్రమ లేదనే చెప్పాలి. అప్పుడే దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థ, స్థానిక ‘దేశ్ గార్మెంట్స్‌’తో చేతులు కలిపింది. 1979లో దేశ్ ఉద్యోగులు 130 మందిని కొరియా తీసుకెళ్లి కుట్టుపని నుంచి మార్కెటింగ్ దాకా అన్నీ నేర్పించింది. తిరిగొచ్చినవాళ్లు ఊరుకోలేదు. కొన్నేళ్లలోనే 115 మంది బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు, కొత్త ఫ్యాక్టరీల్లో చేరారు. అలా ఒక సంస్థ నేర్పిన విద్య దేశమంతా పాకింది. ఇప్పుడు ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతానికిపైగా దుస్తులే. సుమారు 40 లక్షలమందికి అదే బతుకుతెరువు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2000లో 48.9 శాతంగా ఉన్న పేదరికం 2022 నాటికి 18.7కి తగ్గింది. అదంతా కుట్టుమిషన్ల చలవే అనలేం. సేద్యం, విదేశాల నుంచి వలస కూలీలు పంపే డబ్బూ కారణాలే. కానీ ఫ్యాక్టరీలకు దగ్గరున్న పల్లెల్లో ఆడపిల్లలు ఎక్కువకాలం చదువుకుంటున్నారనీ, వాళ్ల పెళ్లిళ్లు ఆలస్యంగా జరుగుతున్నాయనీ ఆర్థికవేత్తలు రేచల్ హీత్, ముష్ఫిక్ మొబారక్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు.

ఆ ఉదయం ఏం జరిగింది?

ఇది నాణేనికి ఒకవైపే. 2013 ఏప్రిల్ 23న, ఢాకా దగ్గర సావర్‌లోని ఎనిమిదంతస్తుల రాణా ప్లాజా గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైనున్న దుస్తుల ఫ్యాక్టరీలవాళ్లు మాత్రం మర్నాడు పనిలోకి రావాల్సిందేనన్నారు. 24 ఉదయం భవనం కుప్పకూలింది. 1,134 మంది చనిపోయారు. అప్పటికి వాళ్ల కనీస వేతనం నెలకు 3,000 టాకాలు!

అక్కడ కుట్టిన దుస్తులు యూరప్, అమెరికా బ్రాండ్లవి. ఫ్యాక్టరీ మాత్రం వాళ్లది కాదు. బ్రాండు ఆర్డరిస్తుంది, తక్కువ ధర అడుగుతుంది, గడువు పెడుతుంది. ఆర్డరు పోతుందేమోనన్న భయంతో యజమాని జీతంలోనో, భద్రతలోనో కోత పెడతాడు. ప్రమాదం జరిగితే ఎవరికివారు తప్పించుకుంటారు.

రాణా ప్లాజా తర్వాత ఆ పప్పులు ఉడకలేదు. కార్మిక సంఘాలతో రెండొందలకు పైగా బ్రాండ్లు చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి. స్వతంత్ర ఇంజినీర్లు ఫ్యాక్టరీలు తిరిగి లోపాలు పట్టుకున్నారు. కనీస వేతనం 2013 చివర్లో 5,300 టాకాలకు, 2023లో 12,500కు పెరిగింది. 2023లో కార్మికులు అడిగింది 23,000. రోడ్డెక్కితేగానీ ఆ పన్నెండున్నర వేలైనా రాలేదు. ఆ నిరసనల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

కంపెనీ వస్తే పని దొరకొచ్చు, పూట గడవొచ్చు. ఆ పని బతుకును నిలబెట్టాలంటే మాత్రం నిక్కచ్చిగా అమలయ్యే చట్టం, గట్టిగా అడిగే సంఘం, న్యాయమైన ధర చెల్లించే కొనుగోలుదారు... ముగ్గురూ ఉండాలి. ఈసారి చొక్కా కొన్నప్పుడు ధరతోపాటు ఆ పట్టీనీ ఓసారి చూడండి!